రేడియోగ్రాఫర్ ఉద్యోగం: ఇంటర్ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్నడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి నెల రోజులు నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. చుట్టాల పిల్లలు, పక్కింటివాళ్లు, మా వార్డు ఆయమ్మ మనవడు, అందరిదీ ఒకే మాట: "ఎంబీబీఎస్ సీటొచ్చేలా లేదు, మీ ఎక్స్‌రే కోర్సులో చేరమంటారా?" పదిహేడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట జిల్లా కేంద్రంలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్, ఆ తర్వాత హైదరాబాద్‌లో సీటీ, ఎంఆర్‌ఐ. ఐదు నిమిషాల ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి, వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి తీరిగ్గా రాస్తున్నాను.

రేడియోగ్రాఫర్ అంటే డాక్టరా?

కాదు. ఫిల్ము చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. ఆయన ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చేసిన డాక్టరు. ఆ ఫిల్ము తీసేది మేము. ఊళ్లో మమ్మల్ని 'ఎక్స్‌రే మేడం', 'స్కానింగ్ సార్' అంటారు. ఉద్యోగ ప్రకటనల్లో రేడియోగ్రాఫర్, ఎక్స్‌రే టెక్నీషియన్, ఇమేజింగ్ టెక్నాలజిస్ట్ అని రకరకాలుగా ఉంటుంది. కెనడాలో మెడికల్ రేడియేషన్ టెక్నాలజిస్ట్ అంటారు. మనదేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఇమేజింగ్‌నీ, రేడియేషన్ చికిత్సనీ ఒకే వర్గంలో చేర్చింది.

నిజానికి ఇవి రెండు దారులు. ఒకటి జబ్బును చూపించేది: ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ, మామోగ్రఫీ, గుండె ఆంజియో చేసే క్యాథ్‌ల్యాబ్. రెండోది క్యాన్సర్‌కి వైద్యం చేసేది, అంటే రేడియోథెరపీ. మన జనం 'కరెంటు పెట్టడం' అంటారే, అది. కోర్సులో చేరే ముందే ఏది ఏదో తెలుసుకోండి. ఒకదానిలో చదివి రెండోదానిలో ఉద్యోగానికి వెళ్లడం కుదరదు.

మిషన్ దగ్గర బటన్ నొక్కడమేగా పని?

ఈ మాట అన్నవాళ్లందరికీ ఒక ఛాతీ ఎక్స్‌రే కథ చెబుతాను. అన్నిటికన్నా మామూలుది అదే, రోజుకి యాభై తీస్తాం.

మనిషిని స్టాండుకి ఛాతీ ఆనించి నిలబెట్టాలి. ట్యూబుకీ ఫిల్ముకీ మధ్య ఆరడుగుల దూరం. గడ్డం పైకెత్తించి, చేతులు నడుం మీద పెట్టించి, మోచేతులు ముందుకు తోయించాలి. లేకపోతే వీపు మీది రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద నీడలా పడతాయి. భుజం ఒక్క వేలెడు తిరిగినా గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. అప్పుడు గాలి నిండా పీల్చి బిగబట్టమనాలి. సగం పీలిస్తే ఊపిరితిత్తుల అడుగుభాగం తెల్లగా వచ్చి, లేని నిమ్ము ఉన్నట్టు కనిపిస్తుంది. సరిగ్గా పీల్చారో లేదో ఫిల్ములో వెనకవైపు పక్కటెముకలు లెక్కపెట్టి చూస్తాం. పది కనపడాలి.

ఇదంతా పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో లేనిది జడ. ఒత్తైన జడ భుజం మీదుగా ముందుకు పడి ఉంటే ఊపిరితిత్తి పైకొనలో మచ్చలా వస్తుంది. క్షయ మచ్చలు ఎక్కువగా కనిపించేదీ ఆ పైకొనలోనే. నేను చేరిన కొత్తలో ఒక అమ్మాయికి అలాంటి మచ్చ చూసి కళ్లె పరీక్షకి రాశారు. మా సీనియర్ ఫిల్ము లైటు మీద పెట్టి చూసి, "ఆ పిల్లని పిలిచి జడ పైకి ముడేసి మళ్లీ తియ్యి" అన్నారు. మచ్చ లేదు. ఆ రోజు నుంచి ఎవరు గదిలోకి వచ్చినా నా చూపు ముందు జడ మీదికే పోతుంది.

బటన్ నొక్కడానికి ఒక్క సెకను కూడా పట్టదు. దానికి ముందున్న రెండు నిమిషాలదే జీతం.

మాటకారితనం అవసరమా? మా వాడు మొహమాటస్థుడు.

మాటకారి కానక్కర్లేదు, ఎదుటి మనిషికి అర్థమయ్యేలా చెప్పగలగాలి. "శ్వాస తీసుకుని నిలిపి ఉంచండి" అంటే పల్లెటూరి తాతకి అర్థం కాదు. "తాతా, గాలి గట్టిగా పీల్చు... ఆపు... ఆపు... వదిలెయ్" అంటే చక్కగా చేస్తాడు. హైదరాబాద్‌లో అయితే రోజుకి పదిమందికైనా "సాస్ లో, రోకో" అనాల్సిందే. చెవులు వినపడని పెద్దవాళ్లకి నేనే ఎదురుగా నిలబడి బుగ్గలు పొంగించి చూపిస్తాను.

అసలు పరీక్ష తాళి దగ్గర వస్తుంది. ఛాతీ ఎక్స్‌రేకి మెడలో గొలుసులు ఉండకూడదు. "అన్నీ తీసేసి రండి" అని కౌంటర్లో కేకేస్తే, నలుగురిలో ఆ పెద్దామె ముఖం మాడిపోతుంది. నేను దగ్గరికెళ్లి మెల్లిగా, "అమ్మా, తియ్యక్కర్లేదు, సూత్రాలు పైకి లాగి పంటి కింద పట్టుకోండి, రెండు క్షణాలు" అంటాను. గొలుసు మెడ పైకి జరిగిపోతుంది, ఊపిరితిత్తుల మీద పడదు. ఎంఆర్‌ఐకి ఈ ఉపాయం పనికిరాదు, తీయాల్సిందే. అందుకే నా డెస్కు సొరుగులో పసుపుతాడు, పసుపుకొమ్ములు పెట్టుకుంటాను. భర్తో అత్తగారో కడతారు, సూత్రాలు కొంగులో ముడేసుకుంటారు. ఆ తాడు చేతిలో పెట్టగానే వాళ్ల భయం సగం పోతుంది. ఇలాంటివి మీ వాడికి చికాకు అనిపిస్తే మాత్రం వేరే కోర్సు చూడండి.

ఏ చదువు చదవాలి?

ఇంటర్ తర్వాత ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి డిప్లొమా: డీఎంఐటీ, అంటే మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ, రెండేళ్లు. తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ పారామెడికల్ బోర్డుల కింద నడుస్తుంది. రెండోది బీఎస్సీ: మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రాలో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో కాలేజీలున్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో కూడా అనుబంధ వైద్య కోర్సులున్నాయి.

నా సలహా అడిగితే, ఇంట్లో మరో రెండేళ్లు ఆగగలిగితే బీఎస్సీయే చేయించండి. 2021 చట్టం ప్రకారం వృత్తి నిపుణుడిగా నమోదు కావాలంటే డిగ్రీలో కనీసం 3,600 గంటల శిక్షణ ఉండాలి. డిప్లొమా స్థాయివాళ్లకి అది 2,000 గంటలు. ముందుముందు విదేశాలకైనా, పెద్ద ఆస్పత్రిలో పై హోదాకైనా ఈ తేడా అడ్డొస్తుంది. త్వరగా సంపాదనలో పడాల్సిన ఇల్లయితే డిప్లొమాలో తప్పేం లేదు. నేనూ డిప్లొమాతోనే మొదలుపెట్టాను. అయితే పై చదువు ఎందుకు మానేశానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఎంపీసీ వాళ్లు చేరొచ్చా?

డిప్లొమా సీట్లలో బైపీసీ వాళ్లకి మొదటి ప్రాధాన్యం ఇస్తారు. మిగిలితే ఎంపీసీ వాళ్లకీ అవకాశం ఉంటుంది. బీఎస్సీకి ఆ ఏడాది నోటిఫికేషన్ చదివి తేల్చుకోండి. ఒక మాట మాత్రం చెప్పాలి: ఎంపీసీ నుంచి వచ్చిన పిల్లలు ఫిజిక్స్ చకచకా పట్టుకుంటారు, ఎముకల పేర్ల దగ్గర ఆరు నెలలు ఏడుస్తారు. బైపీసీ వాళ్లది సరిగ్గా తలకిందులు.

మంచి కాలేజీని ఎలా గుర్తుపట్టాలి?

బిల్డింగ్ చూడకండి. "మీ విద్యార్థులు ప్రాక్టికల్స్‌కి ఏ ఆస్పత్రికి వెళ్తారు, రోజూ అక్కడ ఎంతమంది రోగులొస్తారు" అని అడగండి. సొంత ఆస్పత్రి లేక, వారానికోసారి ఎక్కడికో పంపించే కాలేజీలో చేరకండి. గదిలో మూల నిలబడి చూసొచ్చిన పిల్లలకి మనిషిని ముట్టుకుని తిప్పడం రాదు. మా దగ్గరికి శిక్షణకి వచ్చినవాళ్లలో మొదటి వారంలోనే నాకు ఆ తేడా తెలిసిపోతుంది. ఆఖరి ఏడాది పిల్లల్ని క్యాంటీన్లో పట్టుకుని, "నువ్వు స్వయంగా ఎన్ని ఎక్స్‌రేలు తీశావ్?" అని అడిగి చూడండి. తడుముకోకుండా జవాబొస్తే మంచి కాలేజీ. బోర్డు గుర్తింపు, విశ్వవిద్యాలయ అనుబంధం కాగితం మీద చూడటం ఎలాగూ తప్పదు.

రేడియేషన్ ప్రమాదం కాదా? రోజూ అక్కడే ఉంటారు కదా?

అందరికన్నా అమ్మలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. భయం ఊరికే పుట్టింది కాదు. 1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టిన కొత్తలో దాని హాని ఎవరికీ తెలీదు. చేతులే అడ్డం పెట్టి మిషన్లు పరీక్షించుకునేవాళ్లు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ రెండు చేతులూ పోగొట్టుకుని 1904లో చనిపోయాడు. అలా పోయినవాళ్ల కోసం జర్మనీలోని హాంబర్గ్‌లో 1936లో స్మారక స్తంభం కట్టారు. ఇప్పుడు మేం పాటించే ప్రతి నియమం వెనకా వాళ్లున్నారు.

ఇప్పటి లెక్కలు చూడండి. రేడియేషన్‌ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తాం. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ వస్తాయి. మన భీమిలి తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, దానిలోనూ రేడియోధార్మిక థోరియం ఉంటుంది. ఒక ఛాతీ ఎక్స్‌రేలో రోగికి వచ్చేది 0.1 లోపే. పొట్ట సీటీ స్కాన్‌లో అది సుమారు 8 నుంచి 10 దాకా ఉంటుంది.

ఇదంతా రోగికి తగిలేది. మాకు తగలాల్సింది దాదాపు ఏమీ ఉండకూడదు, ఎందుకంటే ఎక్స్‌పోజర్ ఇచ్చేటప్పుడు, అంటే కిరణాలు వదిలేటప్పుడు, మేం ఆ గదిలో ఉండం, సీసపు పలక ఉన్న గోడ వెనక ఉంటాం. మనదేశంలో అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, 1983 నుంచి ఈ వ్యవహారాలన్నీ చూస్తోంది. మాలాంటి సిబ్బందికి అది పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. పద్ధతిగా పనిచేసే ఎక్స్‌రే గదిలో ఆ హద్దు దరిదాపులకి కూడా పోం.

కాపాడేవి మూడు: తక్కువ సమయం, ఎక్కువ దూరం, మధ్యలో అడ్డం. దూరం సంగతి చాలామందికి తెలీదు. రెట్టింపు దూరం జరిగితే తగిలేది నాలుగోవంతుకి పడిపోతుంది. ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్, అంటే ఆపరేషన్ జరుగుతుండగానే లోపల చూపించే ఎక్స్‌రే మిషన్, నడిపేటప్పుడు గోడ ఉండదు, అక్కడ జాగ్రత్త మరింత కావాలి. సీసపు ఆప్రాన్ వేసుకుని ఒక్క అడుగు వెనక్కి జరగడమే పెద్ద రక్షణ. ఆప్రాన్ బరువని భుజాన వేసుకుని తిరిగేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. నడుం నొప్పి వస్తుందన్నది నిజమే, అయినా కట్టుకోవాల్సిందే. పసిపిల్లని కదలకుండా పట్టుకోవాల్సి వస్తే టెక్నీషియన్ పట్టుకోకూడదు. తల్లికో తండ్రికో ఆప్రాన్ తొడిగి వాళ్లతో పట్టించాలి. ఒక్కసారికి వాళ్లకేం కాదు, మనం రోజుకి పదిసార్లు పట్టుకుంటే అది మనకి చేరుతుంది.

చొక్కాకి పెట్టుకునే ఆ బ్యాడ్జి ఏమిటి?

దాన్ని టీఎల్‌డీ బ్యాడ్జి అంటారు. చిన్న ప్లాస్టిక్ పెట్టె, లోపల కార్డు మీద మూడు తెల్లటి గుండ్రటి బిళ్లలుంటాయి. వాటిలో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ ఉంటుంది. తగిలిన రేడియేషన్‌ని అది దాచుకుంటుంది. మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పంపితే వేడిచేసి, వెలువడే వెలుగుని బట్టి ఎంత తగిలిందో చెబుతారు. ఆ లెక్క ఉద్యోగం పొడుగునా మీ పేరు మీద ఉంటుంది.

ఛాతీ దగ్గర పెట్టుకోవాలి, ఆప్రాన్ వేసుకుంటే దాని లోపల ఉండాలి. నాతో పనిచేసిన ఒకబ్బాయి బ్యాడ్జిని ఆప్రాన్‌కే తగిలించి, ఆ ఆప్రాన్‌ని ఎక్స్‌రే గదిలోనే కొక్కేనికి వేలాడదీసి ఇంటికెళ్లేవాడు. మూడు నెలలు తీసిన ఎక్స్‌రేలన్నిటి చెదురు కిరణాలూ ఆ బ్యాడ్జి మీద పడ్డాయి. రిపోర్టులో అంకె ఎంత పైన వచ్చిందంటే విచారణ ఉత్తరం వచ్చింది. వాళ్లమ్మ వారం రోజులు అన్నం ముట్టలేదు. డ్యూటీ చార్టులు చూపించి, బ్యాడ్జి ఎక్కడ వేలాడిందో ఒప్పుకున్నాక విషయం తేలింది. డ్యూటీ అయ్యాక బ్యాడ్జి రేడియేషన్ లేని గదిలోని స్టాండుకి పెట్టాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మీ పేరు మీద బ్యాడ్జి అడగండి. "తర్వాత చూద్దాంలే" అంటే అక్కడ పనిచేయకండి. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దు.

ఆడపిల్లకి ఈ పని మంచిదేనా? పెళ్లయ్యాక పిల్లలు పుడతారా?

నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరూ ఈ ఉద్యోగంలో ఉండగానే పుట్టారు.

పెళ్లిచూపుల్లో ఈ ప్రశ్న నన్నూ అడిగారు, మా నాన్న తలవంచుకున్నారు. అందుకే సూటిగా చెబుతున్నాను. నియమాలు పాటించే చోట రేడియోగ్రాఫర్‌కి తగిలేది సంతానం మీద ప్రభావం చూపే మోతాదుకి ఎంతో కింద ఉంటుంది. గర్భం అని తెలియగానే ఇన్‌ఛార్జికి చెప్పాలి. చెప్పినప్పటి నుంచి కాన్పయ్యేదాకా కడుపులో బిడ్డకి తగిలేది 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని ఏఈఆర్‌బీ నియమం. సీ-ఆర్మ్, క్యాథ్‌ల్యాబ్ డ్యూటీలు మార్పించుకోవాలి. సిగ్గుపడి మూడు నెలలు దాచే అమ్మాయిలుంటారు. జాగ్రత్త ఎక్కువ కావాల్సింది ఆ మూడు నెలల్లోనే.

ఇంకో సంగతి. మామోగ్రఫీకి, రొమ్ముకి సంబంధించిన ఏ పరీక్షకైనా వచ్చే ఆడవాళ్లు లోపల ఆడమనిషి ఉందో లేదో ముందు తొంగిచూస్తారు. లేకపోతే వెనక్కి తిరిగిపోయేవాళ్లని నేను కళ్లారా చూశాను. గడ్డని ఏడాది దాచుకుని, ఇక్కడిదాకా వచ్చి, తలుపు దగ్గర మగ టెక్నీషియన్‌ని చూసి వెళ్లిపోతారు. ఈ పనిలోకి మన ఆడపిల్లలు ఇంకా రావాలి.

ఎంఆర్‌ఐలో కూడా రేడియేషన్ ఉంటుందా?

ఎక్స్‌రేలా హాని చేసేది ఉండదు. అది అయస్కాంతం. మామూలు 1.5 టెస్లా మిషన్ బలం భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30,000 రెట్లు. కరెంటు పోయినా, స్కాన్ జరగకపోయినా, అర్ధరాత్రయినా అది పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఒక రోగి బంధువు ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లి, మిషన్ లాగేయడంతో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తలుపు దగ్గర కాపలా మనదే. డాక్టరుగారైనా, ఎమ్మెల్యేగారి మనిషైనా తనిఖీ లేకుండా లోపలికి పోనివ్వకూడదు.

మన దగ్గర ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది, పిన్నీసులు. బంగారాన్ని అయస్కాంతం లాగదు, కానీ తాళికి, గాజులకి గుత్తిగా వేలాడదీసుకునే ఉక్కు పిన్నీసుల్ని లాగుతుంది. "లోహం ఏమైనా ఉందా అమ్మా" అంటే లేదంటారు. "పిన్నీసులున్నాయా" అని విడిగా అడగాలి. మొలతాడుకి తాయెత్తు, జడలో స్లయిడ్లు, పంచె మడతలో తాళంచెవి, ఇవన్నీ పేరుపేరునా అడగాలి.

అల్ట్రాసౌండ్ స్కానింగ్ నేర్చుకుని సొంతంగా సెంటర్ పెట్టుకోవచ్చా?

కుదరదు. మనదేశంలో 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఆ మిషన్లన్నీ నమోదై ఉంటాయి, గర్భిణికి స్కాన్ చేసేది అర్హత ఉన్న డాక్టరే. మీ చేత చేయించి డాక్టరు సంతకం పెడతానని ఎవరైనా అంటే ఆ ఉద్యోగంలో చేరకండి. జైలు దాకా పోయే వ్యవహారం అది.

రేడియోథెరపీ వైపు వెళ్తే ఎలా ఉంటుంది?

నాతో చదివిన స్నేహితురాలు ఆ తర్వాత రేడియోథెరపీ కోర్సు చేసి క్యాన్సర్ ఆస్పత్రిలో చేరింది. మా రెండు పనులూ పక్కపక్కన పెడితే ముఖ్యమైన తేడా ఒకటే. నా దగ్గర రోగి పావుగంటే ఉంటాడు, పేరు కూడా గుర్తుండదు. ఆమె దగ్గరికి అదే మనిషి వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు వస్తాడు. ఆమెకి వాళ్ల ఊరు, పంట, మనవరాలి చదువు అన్నీ తెలుసు.

తల, మెడ క్యాన్సర్లకి ముందు మాస్కు చేస్తారు. రంధ్రాలున్న తెల్లటి ప్లాస్టిక్ రేకుని వేడినీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. ముఖం మీద పరిచి, చేత్తో ముక్కు, గడ్డం దగ్గర నొక్కి, చల్లారేదాకా ఆగితే అచ్చం ఆ మనిషి ముఖంలాగే గట్టిపడుతుంది. రోజూ దాన్ని తొడిగి బల్లకి బిగించి, మాస్కు మీది గీతల్ని మిషన్ వెలుగు గీతలతో కలిపి, డాక్టరూ, రేడియేషన్ మోతాదు లెక్కకట్టే ఫిజిసిస్టూ వేసిన ప్లాను ప్రకారం కిరణాలు ఇస్తారు. రెండు మూడు మిల్లీమీటర్లు జరిగితే పడాల్సినచోట పడదు. పొగాకు, గుట్కా వల్ల మన దగ్గర నోటి క్యాన్సర్లు ఎక్కువ కాబట్టి ఈ మాస్కులు రోజూ చేస్తూనే ఉంటారు. "కరెంటు పెడితే కాలుతుందా, షాకు కొడుతుందా" అని రోగి అడుగుతాడు. ఆ మాట నుంచి వచ్చిన భయం అది. "ఏమీ తెలీదు, ఎక్స్‌రే తీసినట్టే, కదలకుండా పడుకోండి, నేను తెరమీద చూస్తూనే ఉంటాను" అని చెప్పాలి.

మిషన్లలో ఇప్పుడు ఎక్కువగా కరెంటుతో కిరణాలు పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్లు వస్తున్నాయి. లోపల రేడియోధార్మిక కోబాల్టు ఉండే మిషన్లు కూడా ఉన్నాయి. వాటిలో భాభాట్రాన్ అనేది మన బార్క్, అంటే భాభా అణు పరిశోధన కేంద్రం, రూపొందించిందే. కోబాల్టు శక్తి 5.27 ఏళ్లకి సగమైపోతుంది, అందుకని లోపలి కోబాల్టు పాతబడేకొద్దీ అదే మోతాదుకి రోగిని ఎక్కువసేపు పడుకోబెట్టాల్సి వస్తుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఈ విభాగం ఉన్న పెద్ద చోట్లు. గుండె దిటవు ఉన్న పిల్లలకి నేను ఈ దారే చెబుతాను.

జీతం ఎంత వస్తుంది?

మొదట్లో తక్కువే, దాచడం దేనికి? ఈమధ్య మా దగ్గర శిక్షణ ముగించి వెళ్లిన పిల్లలు జిల్లాల్లోని సెంటర్లలో పన్నెండు నుంచి పద్దెనిమిది వేలకి చేరారు. ఉత్త ఎక్స్‌రేతో ఆగిపోతే అక్కడే తిరుగుతారు. సీటీ, ఎంఆర్‌ఐ చేయి తిరిగితే రెండు మూడేళ్లలో పెరుగుతుంది. కాబట్టి మొదటి ఉద్యోగం జీతం చూసి కాదు, ఏ మిషన్ మీద నిలబడనిస్తారో చూసి చేరండి. రెండు వేలు తక్కువైనా సీటీ నేర్పే చోటికే వెళ్లమంటాను.

ప్రభుత్వ ఉద్యోగాలు ఉన్నాయా?

రైల్వే పారామెడికల్ నోటిఫికేషన్లలో రేడియోగ్రాఫర్ పోస్టు లెవెల్-5లో ఉంటుంది, మూలవేతనం 29,200 నుంచి. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, పైన రెండేళ్ల డిప్లొమా అడుగుతారు. ఎయిమ్స్‌లు, ఈఎస్‌ఐ, సైనిక ఆస్పత్రులు, రాష్ట్ర ఆరోగ్య శాఖలు కూడా తీసుకుంటాయి. జిల్లా ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పోస్టులు ఎక్కువ. వాటిలో అనుభవం దొరుకుతుంది, భద్రత దొరకదు. పారామెడికల్ బోర్డులో పేరు నమోదు చేయించుకుని, రెన్యువల్ తప్పకుండా చూసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే ఆలస్యమైపోతుంది.

గల్ఫ్, లండన్, కెనడా?

గల్ఫ్‌కి మనవాళ్లు ఎక్కువగానే వెళ్తారు. దుబాయ్, అబుదాబి, సౌదీ, దేనికి దానికి విడిగా లైసెన్సు పరీక్ష ఉంటుంది. సర్టిఫికెట్లు డేటాఫ్లో అనే సంస్థ ద్వారా, అవి ఇచ్చిన కాలేజీ, ఆస్పత్రి దగ్గరే తనిఖీ చేస్తారు. ఉద్యోగ అనుభవం సాధారణంగా రెండేళ్లు అడుగుతారు. ఇంగ్లండ్‌లో ఆరోగ్య వృత్తుల మండలి హెచ్‌సీపీసీలో నమోదు కావాలి, కెనడాలో జాతీయ పరీక్షతోపాటు చాలా ప్రావిన్సుల్లో అక్కడి లైసెన్సు కూడా కావాలి. అమెరికాలో రేడియోగ్రాఫర్లకి ధ్రువీకరణ ఇచ్చే సంస్థ ఏఆర్‌ఆర్‌టీ. వీటన్నిటికీ డిగ్రీ ఉంటే దారి సులువు. ఇంటర్న్‌షిప్‌లో ఏ విభాగంలో ఎన్ని గంటలు చేశారో అప్పుడే రాయించుకుని సంతకం, స్టాంపు వేయించుకోండి. ఏడేళ్ల తర్వాత అడిగితే, అప్పటి విభాగాధిపతి (హెచ్‌ఓడీ) ఎక్కడున్నారో కూడా తెలీక తిరిగినవాళ్లున్నారు.

ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా?

ఫిల్ము చదవడంలో ఏఐ వచ్చేసింది. ఛాతీ ఎక్స్‌రేలో క్షయ అనుమానాన్ని కంప్యూటర్ చేత చూపించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. మన క్షయ శిబిరాలకి ఇప్పుడు చేత్తో పట్టుకునే చిన్న ఎక్స్‌రే మిషన్లు ఊళ్లలోకే వస్తున్నాయి. కానీ అక్కడ కూడా జడ పైకి ముడేయించి, తాతకి ఊపిరి బిగబట్టడం నేర్పడానికి ఒక మనిషి కావాలి. ఫిల్ము వంకరగా తీస్తే ఏఐ కూడా వంకరగానే చదువుతుంది.

పొరపాటు చేస్తే ఏమవుతుంది?

ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఒక రాత్రి డ్యూటీలో ఇది జరిగింది. బైక్ ప్రమాదం, ఒకేసారి నలుగురు వచ్చారు. ఒకతనికి ఎడమ మణికట్టు తీశాను. డిజిటల్ కాబట్టి కుడి, ఎడమ గుర్తు తర్వాత కంప్యూటర్లో పెట్టొచ్చు. తొందరలో కుడి అని పెట్టేశాను. తెల్లారి ఎముకల డాక్టరుగారు వాచిన చేతినీ ఫిల్మునీ పక్కపక్కన చూసి నన్ను పిలిపించారు. తిట్టలేదు. "ఈ మనిషి స్పృహలో లేకపోతే నేను ఏ చేయి కోసేవాణ్ణి?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ వారమే కుడి, ఎడమలకి గుర్తుగా ఆర్, ఎల్ అనే సీసపు అక్షరాలు రెండు కొని జేబులో వేసుకున్నాను. ఎక్స్‌పోజర్‌కి ముందే, చేయి ఆనించే ఫిల్ము పలక మీద పెట్టి తీస్తే గుర్తు ఫిల్ములోనే పడుతుంది, తర్వాత మార్చేది ఉండదు. ఇప్పటికీ ఆ రెండూ నా జేబులోనే ఉన్నాయి. నా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థికీ మొదటి రోజు ఒక జత ఇస్తాను.

చేరే ముందు ఈ పని మా పాపకి నప్పుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి తీసుకెళ్లండి. సోమవారం రద్దీ ఎక్కువ. ఎక్స్‌రే గది బయట బల్ల మీద రెండు గంటలు కూర్చోబెట్టండి. రేడియేషన్ భయం అక్కర్లేదు, తలుపుకి సీసం ఉంటుంది, పైన ఎర్ర లైటు వెలిగినప్పుడు లోపలికి వెళ్లకపోతే చాలు. విరిగిన కాళ్లు, ఏడ్చే పిల్లలు, వరసలో తోసుకునేవాళ్లు, చీటీ పారేసుకున్న ముసలమ్మ, అందరూ కనపడతారు. ఇంటికొస్తూ దారిలో ఏం చూసిందో అడగండి. మిషన్ గురించి చెబితే ఇంకోసారి ఆలోచించండి. ఆ ముసలమ్మకి చీటీ దొరికిందా లేదా అన్నది చెబితే, అప్లికేషన్ పెట్టేయండి.